50 సెకన్లకే ఆగిపోతున్న పాట. లాస్ ఏంజెలిస్ చికానో సెంటర్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

బిర్యానీ_బాబాయ్

మా హోటల్ లాస్ ఏంజెలిస్ పక్కన ఆరెంజ్ కౌంటీలో. మా దోసె మాస్టర్‌ది నెల్లూరూ కాదు, ఉడిపీ కాదు. మెక్సికోలో రేనోసా, టెక్సాస్ సరిహద్దుకి ఆనుకుని ఉంటుంది. పదకొండేళ్ళుగా మా దగ్గరే. పెనం మీద నీళ్ళు చిలకరించి, చీపురుతో ఒక్క ఊపు ఊడ్చి గరిటె తిప్పాడంటే మా అత్తగారికి కూడా వంక దొరకలేదు. "కారం ఎక్కువ", "ఎర్రగా", "రెండు పార్శిల్" వరకు తెలుగు వచ్చు. నాకు స్పానిష్ కూడా అంతే.

ఆయన తాత కుర్రతనంలో పత్తి ఏరడానికి టెక్సాస్ వెళ్ళాడట, కాంట్రాక్టు కూలీగా. బ్రసేరోలంటారు వాళ్ళని. అక్కడే ఇంకొకాయనతో జత కట్టి ఒక పాట రికార్డు ఇచ్చాడు. వాళ్ళమ్మ లెక్క ప్రకారం 1953. ఆ రికార్డు ఇంట్లో లేదు, తాత ఎప్పుడో పోయాడు. మొదటి నాలుగు లైన్లు మాత్రం వాళ్ళమ్మకి నోటికి వచ్చు.

మొన్న మా అబ్బాయి వెతికితే దొరికేసింది! యూసీఎల్ఏ, అంటే లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళ సైట్‌లో. ఫ్రోంతెరా కలెక్షన్ అని ఉంది. రికార్డు మీది లేబుల్ ఫోటోతో సహా. రాత్రి కొట్టు కట్టేశాక అందరం ఫోన్ చుట్టూ చేరాం. అకార్డియన్, వెనక లావు గిటారు, రెండు గొంతులు. రెండో చరణం ఎత్తుకోబోతూ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ఆగిపోయింది. మళ్ళీ కొట్టాం. సరిగ్గా అక్కడే. 50 సెకన్లు. మాస్టర్ తొమ్మిది సార్లు విన్నాడు, పదోసారి ఫోన్ నా చేతికిచ్చి సాంబారు గిన్నె తోముకోవడానికి వెళ్ళిపోయాడు.

మా ఫోన్ చెడిందా, సైట్ అంతేనా? డబ్బు కట్టమన్నా కడతాను, ఆ బటన్ కూడా లేదు. కింద చికానో స్టడీస్ రీసెర్చ్ సెంటర్ అని పేరుంది. ఎవరు వీళ్ళు? వీళ్ళ చేతికి ఈ పాట ఎలా వచ్చింది?

సైలెంట్_సత్తిబాబు

ముందు ఆ హోటల్ అడ్రస్ పెట్టు.

కాపీరైట్_కిట్టు

ఫోన్ బాగానే ఉంది బాబాయ్, చట్టమే అలా ఉంది. క్యాంపస్ బయట ఎవరు కొట్టినా 50 సెకన్లే. యూసీఎల్ఏ లోపల కంప్యూటర్ ముందు కూర్చుంటే మొత్తం పాట వస్తుంది.

కారణం వింటే ఒళ్ళు మండుతుంది. 1972 ఫిబ్రవరి 15కి ముందు రికార్డయిన పాటల హక్కులు అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం కింద ఉండేవి. 2018లో మ్యూజిక్ చట్టం సవరించి ఒక లెక్క పెట్టారు. 1922 దాకా వచ్చినవి 2022 జనవరి 1న అందరివీ అయిపోయాయి. 1923 నుంచి 46 మధ్యవి వందేళ్ళు ఆగాలి. 1947 నుంచి 56 మధ్యవి 110 ఏళ్ళు. మీ మాస్టర్ తాతది 1953 అంటే 2063 డిసెంబర్ దాకా తాళం. అదే పాట మన దేశపు రికార్డయితే 60 ఏళ్ళే, ఎప్పుడో 2013తోనే అయిపోయేది.

ఆ కంపెనీ మూతబడి ఉంటుంది, ఓనరు పోయి ఉంటాడు, హక్కు ఎవరిదో ఎవరికీ తెలీదు. అడగడానికి మనిషి లేడు కాబట్టి ఇవ్వడానికీ మనిషి లేడు.

బిర్యానీ_బాబాయ్

2063 నాటికి మాస్టర్‌కి వందేళ్ళు దాటతాయి.

డాలర్_దత్తు

పాట సంగతి సరే గానీ, చికానోలంటే అమెరికాలో పెరిగిన మెక్సికన్లే కదా, అసలు యూనివర్సిటీలో జాతికో సెంటర్ ఎందుకండీ? మా పెద్దాడు కాలిఫోర్నియాలోనే చదువుతున్నాడు, ఫీజు కాగితం చూస్తే నాకు నిద్ర పట్టదు. రేపు సామాజికవర్గానికో సెంటర్ పెట్టమని మనవాళ్ళూ అడుగుతారు.

సైలెంట్_సత్తిబాబు

అవి ఎప్పుడో పెట్టేశాం కదన్నా. సంఘాలంటారు.

రికార్డుల_రంగయ్య

నా వయసు 71. గ్రామఫోన్ రికార్డుల పిచ్చి. కిట్టు చట్టం చెప్పాడు, పాట ఎలా బతికిందో నేను చెబుతాను.

క్రిస్ స్ట్రాక్‌విట్స్ అని ఒకాయన. మెక్సికన్ కాదు, జర్మనీలో 1931లో పుట్టాడు, యుద్ధం అయ్యాక 1947లో కుటుంబంతో అమెరికా వచ్చాడు. రేడియోలో విన్న పాటల పిచ్చి పట్టి 1960లో అర్హూలీ అని సొంత కంపెనీ పెట్టాడు. ఊరూరా తిరిగి బ్లూస్ పాటగాళ్ళవీ సరిహద్దు పాటగాళ్ళవీ రికార్డు చేశాడు. దాంతోపాటు, అందరూ పారేస్తున్న స్పానిష్ రికార్డులు, నిమిషానికి 78 చుట్లు తిరిగేవీ 45 తిరిగేవీ, ఎక్కడ కనబడితే అక్కడ కొన్నాడు. భాష సరిగ్గా రాకుండానే! ఆ గొంతులు నచ్చాయి, కొన్నాడు, అంతే. లక్షకు పైగా పాటలు ఆ సైట్‌లోకి ఎక్కాయంటే వాటి పునాది ఈ ఒక్కడి గోదాము. 2023లో పోయాడు.

డిస్కులు ఆయన ఫౌండేషన్ దగ్గరే, ఎల్ సెరిటో అనే ఊళ్ళో. వాటిని కంప్యూటర్‌కి ఎక్కించడానికి ఆ ఫౌండేషన్, యూసీఎల్ఏ లైబ్రరీ, ఈ చికానో సెంటర్ చేతులు కలిపాయి. మొదటి పెద్ద డబ్బు ఎవరిచ్చారనుకున్నారు? లోస్ తీగ్రెస్ దెల్ నోర్తె అని సినలోవా నుంచి వచ్చి శాన్ హోసెలో స్థిరపడిన బ్యాండు. పాటలు పాడి సంపాదించినదాంట్లోంచి 2000లో వాళ్ళ ఫౌండేషన్ 5 లక్షల డాలర్లిచ్చింది. దత్తు గారూ, మీ అబ్బాయి ఫీజులోంచి కాదు.

డాలర్_దత్తు

అది ఒక్క పాటల ప్రాజెక్టుకి. సెంటర్ బిల్డింగూ జీతాలూ?

పాలమూరు_పిల్ల

నేను మాస్టర్స్ అక్కడ్నే చేసిన, గందుకే చెప్తున్న. బిల్డింగ్ ఏం లేదన్నా, హెయిన్స్ హాల్‌ల కొన్ని రూములు. మీరనుకునే అద్దాల మేడ కాదు.

ఇగ ఎందుకు వచ్చిందంటే. 1968 మార్చిల తూర్పు లాస్ ఏంజెలిస్ హైస్కూల్ పిల్లలు వేల మంది క్లాసులకెళ్లి లేచి బయటికొచ్చిన్రు. మా బళ్లె స్పానిష్ మాట్లాడితే శిక్ష, కాలేజీకి పోతమంటే కుట్టుపని నేర్చుకోమంటున్నరు, గిదేం న్యాయమని. ఆ ఊపుల 1969ల యూసీఎల్ఏల ఒక్కసారే నాలుగు సెంటర్లు పెట్టిన్రు: నల్లవాళ్లకు, ఆసియావాళ్లకు, అమెరికా మూలవాసులకు, చికానోలకు. నాలుగూ ఇంక నడుస్తున్నయి. మరి ఆసియా సెంటర్ అంటే అండ్ల మనం గూడ ఉన్నమన్నట్టే కద దత్తన్నా? "జాతికో సెంటర్" అన్నవు గని నీ జాతిది గూడ ఉన్నదక్కడ.

ఇంకో ముచ్చట. సెంటర్ డిగ్రీ ఇయ్యది. రీసెర్చ్, లైబ్రరీ, పుస్తకాలు, పాత కాయితాలు దాచుడు దాని పని. అస్త్లాన్ అని పత్రిక 1970 సంది తీస్తనే ఉన్నరు. చదువు చెప్పే డిపార్ట్‌మెంట్ వేరే. అది రానీకి పిల్లలు అన్నం మానాల్సి వచ్చింది.

గోంగూర_గీత

అన్నం మానడం ఏంటి? చెప్పి ఆపేస్తావేం.

పాలమూరు_పిల్ల

డ్యూటీల ఉన్న అక్కా, రాత్రికి రాస్త.

కాపీరైట్_కిట్టు

50 సెకన్లకి ఆపింది 😂

హ్యూస్టన్_హనుమ

బాబాయ్, ఆ పాట కొరీడోనా? అంటే ఏదైనా జరిగిన సంగతి చెప్పే కథాగీతమా? మన బుర్రకథలోంచి ఒక ముక్క తీసి మూడు నిమిషాల్లోకి కుదించినట్టు ఉంటుంది. అయితే మాత్రం చివరి చరణం వినకుండా వదలొద్దు. కొరీడో చివర్లో దెస్పెదీదా అని సెలవు తీసుకునే చరణం ఉంటుంది. పాడేవాడు చాలాసార్లు ఊరో పేరో అందులోనే చెబుతాడు. మన శతకాల్లో మకుటంలా కాదు, ఒక్కసారే, ఆఖర్న.

ఇంకొకటి. టెక్సాస్‌కి బ్రసేరోలు మొదట్లో రాలేదు. ఆ ఒప్పందం 1942లో మొదలైంది, కానీ టెక్సాస్‌లో మావాళ్ళని హోటళ్ళలోకి కూడా రానివ్వట్లేదని మెక్సికో ప్రభుత్వం ఆ రాష్ట్రానికి కూలీల్ని పంపనంది. కొన్నేళ్ళు అలా నడిచింది. 1953 నాటికి సర్దుకుంది కాబట్టి మీ మాస్టర్ అమ్మగారి లెక్క నమ్మొచ్చు.

బిర్యానీ_బాబాయ్

కథలాగే ఉందన్నాడు. పత్తి చేను, మేస్త్రీ, తూకంలో మోసం దాకా 50 సెకన్లలో వచ్చిందట. తర్వాత మేస్త్రీని ఏం చేశారో తెలీదు.

సైలెంట్_సత్తిబాబు

ఇంటర్వెల్ బ్యాంగ్.

వైజాగ్_వాసు

చికానో, హిస్పానిక్, లాటినో… ఏది ఎవరు? మా ఆఫీసులో ఒకాయన్ని హిస్పానిక్ అన్నానని ముఖం ముడుచుకున్నాడు.

హ్యూస్టన్_హనుమ

హిస్పానిక్ అనేది ఫారాల్లో పుట్టిన మాట. 1976లో వీళ్ళ లెక్కలు విడిగా తీయాలని చట్టం చేశారు, 1980 జనాభా లెక్కల్లో అందరినీ అడిగారు. స్పెయిన్ భాష మాట్లాడే దేశాల మూలం ఉంటే హిస్పానిక్. లాటినో అంటే లాటిన్ అమెరికా మూలం, బ్రెజిల్‌వాళ్ళనీ అందులో కలిపేవాళ్ళున్నారు. చికానో అంటే అమెరికాలో పెరిగిన మెక్సికన్లు. అది ఒకప్పుడు తిట్టు. అరవైల్లో కుర్రాళ్ళు ఆ తిట్టునే తీసుకుని జెండా మీద రాసుకున్నారు.

పాలమూరు_పిల్ల

దళిత అనే మాట ఎట్లనో గట్ల. పైనోడు పెట్టిన పేరు వద్దు, మా పేరు మేమే పెట్టుకుంటమని. గందుకే యూసీఎల్ఏ సెంటర్ పేర్ల హిస్పానిక్ లేదు.

రికార్డుల_రంగయ్య

1930 అమెరికా జనాభా లెక్కల్లో జాతి గడిలో "మెక్సికన్" అని రాశారు, ఆ ఒక్కసారే. అదే గడిలో మనకి రాసింది "హిందూ". సిక్కయినా ముస్లిమయినా హిందూయే! 1970కి వచ్చేసరికి మనల్ని తెల్లవాళ్ళలో కలిపేశారు. 1980లో, ఆ హిస్పానిక్ ప్రశ్న అందరినీ అడిగిన ఏడే, "ఆసియన్ ఇండియన్" అని మనకో గడి వచ్చింది. అదీ మనవాళ్ళు వెళ్ళి అడిగితేనే. కాబట్టి ఈ గడుల గొడవ వాళ్ళదొక్కరిదే కాదు.

సైలెంట్_సత్తిబాబు

గడి ఒకటే. లోపల మాత్రం ఏ జిల్లా, ఏ మండలం, ఇంటిపేరేంటి.

పాలమూరు_పిల్ల

గీతక్కా, అన్నం ముచ్చట.

చికానో స్టడీస్‌కు డిపార్ట్‌మెంట్ కావాలని ఏండ్లకేండ్లు అడుగుతనే ఉన్నరు. 1993 ఏప్రిల్ 23న సీజర్ చావెజ్ చచ్చిపోయిండు, పొలం కూలీల సంఘం పెట్టిన పెద్దమనిషి. 29న అంత్యక్రియలు. 28న, సరిగ్గ ఒక్కరోజు ముంగట, ఛాన్సలర్ డిపార్ట్‌మెంట్ ఇయ్యనని చెప్పిండు. ఇగ చూస్కో. మే నెలాఖరుకు కొందరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్ కలిసి క్యాంపస్ నడుమ టెంట్లేసుకొని నిరాహారదీక్షకు కూసున్నరు. 14 రోజులు. జూన్ 7న ఒప్పందం అయ్యింది: పూరా డిపార్ట్‌మెంట్ కాదు గని చావెజ్ పేరు మీద చదువు చెప్పే సెంటర్ ఇచ్చిన్రు. అది డిపార్ట్‌మెంట్ కానీకి 2005 అయ్యింది.

ఉస్మానియాల దీక్షలు చూసినోళ్లకు ఇది కొత్తేం కాదు. నేను మొదటిసారి ఆ టెంట్ల ఫోటో చూసినప్పుడు ఆర్ట్స్ కాలేజ్ మెట్లే యాదికొచ్చినయి.

గోంగూర_గీత

అంత్యక్రియల ముందురోజు! వారం ఆగి చెప్పినా కాస్త తేడా ఉండేది కదా.

డాలర్_దత్తు

సరే, పోరాటం గొప్పదే. నా ప్రశ్నకి జవాబు కాదు. దీనివల్ల ఆ తూర్పు లాస్ ఏంజెలిస్ కుర్రాడికి ఒరిగిందేంటి? పాత పాటలు దాచుకుంటే ఉద్యోగం వస్తుందా?

పాలమూరు_పిల్ల

ఇది సెంటర్ చేసింది కాదు, అప్పటికి సెంటరే లేదు. అయినా విను.

1965ల యూసీఎల్ఏ వాళ్లు లాస్ ఏంజెలిస్, శాన్ ఆంటోనియో ఊర్లళ్ల మెక్సికన్ ఇండ్లకు ఇంటింటికి పొయ్యి సర్వే చేసిన్రు. గంత పెద్దగ అంతకుముందు ఎవ్వరు చెయ్యలే. లావు పుస్తకం వచ్చింది, కాయితాలు ఏడనో పెట్టి మర్శిపోయిన్రు. 1993ల క్యాంపస్ లైబ్రరీ ఒకటి భూకంపానికి తట్టుకునేటట్టు గట్టి చేస్తుంటే పనోళ్లకు దుమ్ము పట్టిన డబ్బాలు దొరికినయి. ఇప్పి చూస్తే ఆ సర్వే కాయితాలు. పేర్లు, ఇండ్ల అడ్రస్‌లు, ఎంత సంపాదిస్తున్నరు, ఇంట్ల ఏ భాష, అన్నీ.

విల్మా ఓర్టీస్, ఎడ్వర్డ్ టెల్లెస్ అని ఇద్దరు సోషియాలజీ ప్రొఫెసర్లు. ఆ కాయితాలు పట్టుకొని ఆ మనుషులనే మళ్ల వెతికిన్రు. ముప్పై ఏండ్ల తర్వాత! పెండ్లయి పేర్లు మారినోళ్లు, ఊర్లు మారినోళ్లు. 684 మంది పాతోళ్లు, వాళ్ల పిల్లలు 758 మంది దొరికిన్రు. తేలిందేందంటే, వలసొచ్చినోళ్ల పిల్లలు అమ్మానాయనల కంటె మస్తు చదివిన్రు. కని మూడో తరం, నాలుగో తరంల ఆ చదువు ముందుకు పోలే, కొంత ఎన్కకే వచ్చింది. ఇంగ్లీష్ రాకనా అంటే కాదు, రెండో తరానికే అందరికి వచ్చింది. బళ్లు మంచిగ లేకనే.

దత్తన్నా, "వాళ్లే కష్టపడరు" అనేటోళ్లకు జవాబు ఆ డబ్బాలనే ఉన్నది. పనోడు వాటిని చెత్తల ఏస్తే పోయేది.

డాలర్_దత్తు

ఇది నాకు తెలీదు. ఒప్పుకుంటున్నా. ఫీజు సంగతి మాత్రం ఒప్పుకోను.

క్వీన్స్_కనకం

న్యూయార్క్‌లో ఇలాంటివి రెండున్నాయి, వాటి గురించి ఎవరూ రాయలేదేంటి.

ఒకటి పోర్టోరికన్లది, హంటర్ కాలేజీలో, 1973 నుంచి. అందరూ సెంత్రో అంటారు. లైబ్రరీ తూర్పు హార్లెంలో, 119వ వీధి. నా ఫార్మసీ ఆ చుట్టుపక్కలే ఉండేది, మధ్యాహ్నం ఖాళీ దొరికితే వెళ్ళి కూర్చునేదాన్ని. పూరా బెల్ప్రే అని న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో మొదటి పోర్టోరికన్ లైబ్రేరియన్, ఆవిడ కాగితాలు అక్కడున్నాయి. ఇంకా పోర్టోరికో ప్రభుత్వం న్యూయార్క్‌లో నడిపిన వలస ఆఫీసు ఫైళ్ళు. 2017లో మరియా తుపాను తర్వాత పోర్టోరికో దీవి జనం అమెరికా ప్రధాన భూభాగానికి తరలిపోతుంటే ఎంతమంది, ఎక్కడికి అని లెక్కలు కట్టి చెప్పింది కూడా వీళ్ళే.

రెండోది డొమినికన్లది, సిటీ కాలేజీలో, 1992లో పెట్టారు. వీళ్ళ కథ ఇంకా బాగుంటుంది. హువాన్ రోద్రిగెస్ అని ఒకతను 1613లో డచ్చివాళ్ళ ఓడ దిగి మాన్‌హట్టన్‌లో ఉండిపోయాడు. ఇప్పటి డొమినికన్ రిపబ్లిక్‌లోని సాంతో దొమింగోలో పుట్టినవాడు. ఊరు ఊరు కాకముందే, బయటనుంచి వచ్చి అక్కడ నివాసమున్నట్టు కాగితాల్లో కనబడే మొదటి మనిషి అతనే. పాత డచ్చి కాగితాలు తవ్వి ఆ కథని పూర్తిగా బయటపెట్టింది ఈ ఇన్‌స్టిట్యూట్. 2012లో బ్రాడ్‌వేలో ఒక భాగానికి అతని పేరు పెట్టారు. మా షాపుకొచ్చే డొమినికన్ ముసలాయన ఒకడు "మేం వలసొచ్చినవాళ్ళం కాదమ్మా, ఓనర్లం" అని బీపీ మాత్రలు తీసుకెళ్ళేవాడు.

తూర్పు_గాలి

మాది శ్రీకాకుళం దగ్గర. మా ముత్తాత రంగూన్ రేవులో మూటలు మోసేవోడు. 1942లో జపానోడు బాంబులేస్తే నడిచొచ్చేసాడు, అడవుల్లోంచి. మావోళ్ళని అక్కడ కోరంగీలనీవోరట, కోరంగి రేవు నుంచి ఓడెక్కినోళ్ళని. తిట్టులాగే వాడీవోరట. ఆ నడిచొచ్చినోళ్ళ మాటలు ఎవులైనా రాసుకున్నారా? మా తాత చెప్తే నాను ఇన్నాను. మా అబ్బాయికి నాను చెప్తే ఫోన్ చూసుకుంటన్నాడు.

మనకి ఇలాటి సెంటర్ ఏ యూనివర్సిటీలోనైనా ఉందేటి?

రికార్డుల_రంగయ్య

1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు అయ్యాక అంతర్జాతీయ తెలుగు సంస్థ అని పెట్టారు. 1985లో తెలుగు యూనివర్సిటీ వచ్చినప్పుడు అందులో కలిపేశారు. అమెరికాలో బర్క్‌లీలో, విస్కాన్సిన్‌లో తెలుగు చెప్పారు. కానీ అవన్నీ భాషకి. పద్యం, వ్యాకరణం, అనువాదం. కోరంగి నుంచి ఓడెక్కినవాడు ఎంత అప్పు చేశాడు, రంగూన్‌లో ఏ పాట పాడుకున్నాడు, అది వేరే పని. భాషకి కుర్చీ ఉంది, మనుషులకి బీరువా లేదు.

మా ఊళ్ళో ఒకాయన దగ్గర ఓడియన్, హచిన్స్ నాటకాల సెట్లు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉండేవి. పోయాక కొడుకులు ఇల్లు అమ్ముతూ పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారు. నేను బస్సు దిగేసరికి రిక్షాబండి సందు తిరిగింది. పరిగెత్తాను. మూడు దొరికాయి, ఒకటి పగిలింది.

గోంగూర_గీత

మా గరాజ్‌లో 80ల నాటి తెలుగు సభల సావనీర్లు, వీహెచ్ఎస్ క్యాసెట్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి. మా మామయ్యగారివి. ప్రతి వేసవికీ పారేద్దామని తీస్తాను, ఆయన మళ్ళీ లోపల పెట్టేస్తారు. ఇప్పుడు పారేయాలంటే భయంగా ఉంది, మీ అందరి మూలాన.

వైజాగ్_వాసు

పారేయకు గీతా. స్కాన్ చేద్దాం, నేనొస్తా.

సైలెంట్_సత్తిబాబు

మూడేళ్ళుగా నా ఇల్లు మారడానికి రానోడు స్కానింగ్‌కి వస్తాడట.

హ్యూస్టన్_హనుమ

మా హ్యూస్టన్ యూనివర్సిటీలో 1992 నుంచి ఇలాంటిదే ఒకటి నడుస్తోంది, అమెరికాలో హిస్పానిక్‌లు రాసినవి వెతికి పట్టుకునే ప్రాజెక్టు. పాత వార్తాపత్రికలు, డైరీలు, ఉత్తరాలు. అమెరికాలో మొదటి స్పానిష్ పత్రిక 1808లోనే న్యూ ఓర్లీన్స్‌లో వచ్చింది. "నిన్నమొన్న వచ్చారు" అని ఎవరైనా అంటే ఈ ఒక్క సంవత్సరం చెప్పండి చాలు. టెక్సాస్ అప్పటికి స్పెయిన్ రాజుది.

కాపీరైట్_కిట్టు

బాబాయ్, వెళ్ళావా లేదా? టాపిక్ నీది, మేమంతా తెగ మాట్లాడేస్తున్నాం.

బిర్యానీ_బాబాయ్

నిన్న సోమవారం వెళ్ళొచ్చాం. సోమవారం మాకు సెలవు. మెయిల్ పెట్టి, రమ్మన్నాకే వెళ్ళాం.

మాస్టర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పదకొండేళ్ళలో ఏప్రాన్ లేకుండా చూడటం రెండోసారి. మొదటిసారి మా అమ్మాయి పెళ్ళికి. ఆ పెద్ద ఇటుక బిల్డింగుల మధ్య నడుస్తూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు జేబులో పెట్టి తీసి పెట్టి తీసి. ఏం పనిమీద వచ్చారని ఎవరూ అడగలేదు. అడుగుతారని ఇద్దరం తయారై వెళ్ళాం.

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. హెడ్‌ఫోన్ ఆయనకిచ్చా. 50 సెకన్లు దాటిందని నాకెలా తెలిసిందంటే, అప్పటిదాకా కదులుతున్న కాలు ఆగిపోయింది. 2 నిమిషాల 51 సెకన్లు. అయ్యాక హెడ్‌ఫోన్ తీయలేదు, చివర్లోకి జరిపి మళ్ళీ విన్నాడు. మళ్ళీ. తర్వాత జేబులోంచి మా హోటల్ ఆర్డర్ పుస్తకం తీశాడు. టేబుల్ నంబరు, మసాలా దోసె, ఇడ్లీ అని గళ్ళుంటాయే, దాని వెనకవైపు పాట మొత్తం రాసుకున్నాడు. ఆపి ఆపి. గంటంపావు పట్టింది.

హనుమా, నువ్వు చెప్పిందే. ఆఖరి చరణంలో సెలవు తీసుకుంటూ ఊరి పేరు చెప్పాడు. అది రేనోసా కాదు. అక్కడికి చాలా దక్షిణాన ఏదో పల్లెటూరట. ఇంట్లో ఎవ్వరికీ తెలీదు. తాత రేనోసావాడే అనుకుంటూ మూడు తరాలు గడిచిపోయాయి. మేస్త్రీకి ఏమీ కాలేదు. కూలీ తూకం మోసం తెలిసి కూడా గోనె దించి వెళ్ళిపోతాడట, అంతే.

ఇంకొకటి, లేబుల్ మీద తాత ఇంటిపేరు ఒక అక్షరం తప్పుంది. మా అబ్బాయికి మొదటిసారే దొరకడం అదృష్టం.

పార్కింగ్‌లో కారెక్కాక వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. ఆర్డర్ పుస్తకం స్టీరింగ్‌కి ఆనించి పాట మొత్తం పాడాడు. నేను పక్క సీట్లో. ఆవిడ అవతల్నుంచి మధ్యలో ఆపి ఏదో గట్టిగా అంది. ఏమైందంటే, మూడో చరణంలో ఒక మాట తప్పు రాసుకున్నాడట. "అది కాదు, నాన్న అలా అనేవాడు కాదు" అని సరిచేసిందట. ఆవిడకి నాలుగు లైన్లే వచ్చనుకున్నాం కదా.

రికార్డుల_రంగయ్య

ఆవిడ సరిచేసిన మాట కూడా ఆ పుస్తకంలోనే రాయించండి. తారీఖు వేసి.

బిర్యానీ_బాబాయ్

రాశాడు రంగయ్య గారూ. ఉప్మా గడిలో పడింది.

గోంగూర_గీత

ఏడిపించావు బాబాయ్.

తూర్పు_గాలి

మా తాత తమ్ముడు ఒకాయన ఇంకా ఉన్నాడు టెక్కలిలో. 93. పండక్కి ఎల్తన్నాను, ఫోన్‌లో రికార్డు ఎంతసేపు పడతాదండీ, గంటా? ఎక్కువ మాట్లాడతాడాయన.

వైజాగ్_వాసు

మెమరీ ఖాళీ చేసుకుని వెళ్ళు. పగలంతా పడుతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టు, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది.

సైలెంట్_సత్తిబాబు

అడ్రస్ ఇంకా పెట్టలేదు.

బిర్యానీ_బాబాయ్

ప్రైవేట్ మెసేజ్‌లో పంపా. మంగళవారం నుంచి ఆదివారం దాకా. పెసరట్టు కావాలంటే పదకొండు లోపు రా, తర్వాత పిండి ఉండదు.